పే పర్ వ్యూ అంటే అసలేంటి, మన దగ్గర అది ఎందుకు నిలబడలేదు?

ప్రశ్న అడిగినాయన రెండు సంగతులు అడిగారు. అమెరికాలో ఉన్న వాళ్ల తమ్ముడు ఒక్క ఫైట్ చూడటానికి 80 డాలర్లు కట్టానని చెప్పాడట. అది నిజమేనా, నెలనెలా బిల్లు కడుతూ మళ్లీ ఇదేంటి అనేది ఒకటి. అలాంటిది మన హైదరాబాదులో ఎందుకు కనబడదు అనేది రెండోది. నేను చిక్కడపల్లిలో ఒక కేబుల్ కంట్రోల్ రూములో చాలాకాలం పనిచేశాను. ఆ తర్వాత డీటీహెచ్ బాక్సులు బిగించే పనిలోకి వెళ్లాను. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

మొదటిదానికి జవాబు: నిజమే. బాక్సింగ్, కుస్తీ లాంటివి కలిపి ఆడే యూఎఫ్‌సీ అనే పోటీల్లో పెద్ద ఫైట్లకు 2025లో అమెరికాలో రేటు ఇంచుమించు 80 డాలర్లే. పే చానల్ అంటే నెలకింత అని కట్టి, అందులో ఏది వస్తే అది చూడటం. పే పర్ వ్యూ అంటే ఒక్క కార్యక్రమానికి మాత్రమే కట్టడం. ఆట ముగిసిందంటే మీరు కట్టిన డబ్బు పనీ ముగిసినట్టే. నెల చందా కట్టినా ఇది అందులో కలవదు, విడిగా కట్టాల్సిందే. చాలాచోట్ల చందా ఉంటేనే ఇది కొనుక్కోనిస్తారు కూడా.

రెండో ప్రశ్నకు చాలామంది "మనవాళ్లు డబ్బులు పెట్టరండీ" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బెనిఫిట్ షో టికెట్టు బ్లాకులో కొని, అర్ధరాత్రి లైన్లో నిలబడి చూసే ఊరు ఇది. నేను చూసినంతలో అసలు కారణం వేరే ఉంది. డబ్బు కట్టని వాడికి బొమ్మ కనబడకుండా ఆపగలగాలి. అదే బొమ్మ పక్క సందులో ఊరికే దొరక్కూడదు. ఈ రెండూ కుదిరిన చోట పే పర్ వ్యూ కోట్లు తెచ్చింది. ఏ ఒక్కటి కుదరకపోయినా, రేటు ఎంత తగ్గించినా ఎవరూ కొనలేదు.

మా కంట్రోల్ రూము ఎలా ఉండేదో చెప్తే ఇది సులువుగా అర్థమవుతుంది. మూడంతస్తుల ఇంటి మీద రేకుల షెడ్డు, బయట పెద్ద డిష్‌లు, లోపల గోడ పొడుగునా ర్యాకులు. ఎండాకాలం ఆ షెడ్డులో మనుషుల కంటే మిషన్లకే కూలర్ ముందు. ఒక్కో పే చానల్‌కి ఒక్కో రిసీవర్, దాంట్లో ఒక్కో కార్డు. ఉపగ్రహం నుంచి తాళం పడి వచ్చిన సిగ్నల్‌ని ఆ కార్డు విప్పేది. విప్పిన బొమ్మని మాడ్యులేటర్‌తో ఒక చానల్ నంబరు మీదికి ఎక్కించి, అన్నిటినీ కలిపి ఒకే వైరులో వీధిలోకి వదిలేవాళ్లం. చూశారా, తాళం మా షెడ్డులోనే ఊడిపోయింది. అక్కణ్ణుంచి స్తంభాల మీదా డాబాల మీదా పోయే వైరులో అన్ని చానళ్లూ అందరికీ ఒకటే. అపార్టుమెంటుకి గేటు దగ్గర ఒక్కటే తాళం ఉండి, లోపల ఏ ఫ్లాటుకీ తలుపే లేకపోతే ఎలా ఉంటుందో అలా.

ఎవరైనా రెండు మూడు నెలలు బిల్లు ఎగ్గొడితే మా కుర్రాడు నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కి, ట్యాప్‌లోంచి ఆ ఇంటి వైరు పీకేవాడు. ఒక ఇంటికి ఆపాలంటే మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. వైరు పీకిన రాత్రే పక్కింటి నుంచి ఓ ముక్క లాక్కుని తగిలించుకునేవాళ్లు, అది వేరే కథ. ఇలాంటి ఏర్పాటులో "ఈ రాత్రి ఈ సినిమా, కట్టిన ఇళ్లకు మాత్రమే" అని అమ్మడం ఎవరి తరమూ కాదు. పైగా చాలామంది ఆపరేటర్లకు సొంత వీడియో చానల్ ఉండేది. అందులో రాత్రిపూట సినిమా సీడీ పడేది. దానికి విడిగా పైసా లేదు, నెల బిల్లులోనే. అలా అలవాటు పడిన వీధికి వెళ్లి సినిమాకి 50 రూపాయలు అంటే తలుపు మొహం మీదే వేస్తారు.

అమెరికావాళ్లకూ మొదట్లో ఇదే తలనొప్పి. గాలిలో పోయే సిగ్నల్ ఎవరి యాంటెన్నా మీదైనా పడుతుంది కదా. 1951లో జెనిత్ అనే టీవీల కంపెనీ షికాగోలో 300 కుటుంబాలతో ఫోన్‌విజన్ అని ఒక ప్రయోగం చేసింది. టీవీలో బొమ్మ చెదిరిపోయి వచ్చేది. సినిమా కావాలనుకున్నవాళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌కి ఫోన్ చేసి చెప్తే, బొమ్మను సరిచేసే సిగ్నల్ వాళ్ల ఫోన్ లైన్లోంచి వచ్చేది. సినిమాకి ఒక డాలరు. ఇప్పటి డీటీహెచ్ బాక్సుకీ ఆ ప్రయోగానికీ మూలంలో పెద్ద తేడా లేదని నాకనిపిస్తుంది. బొమ్మ అందరికీ వెళ్తుంది, తాళంచెవి మాత్రం డబ్బు కట్టిన ఇంటికి వేరే దారిలో వెళ్తుంది. 1953లో పామ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో ఇంకో ప్రయోగం జరిగింది. దాని పేరు టెలిమీటర్. టీవీకి తగిలించిన డబ్బాలో చిల్లర వేస్తేనే సినిమా. వసూలుకి మనిషి ఇంటింటికీ తిరిగి డబ్బా ఖాళీ చేసుకోవాలి మరి.

ఈ ప్రయోగాలు వ్యాపారంగా మారకపోవడానికి థియేటర్ల వాళ్లు కూడా ఒక కారణం. 1964లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కోల్లో వైరు ద్వారా పే టీవీ మొదలైతే, ఉచిత టీవీ పోతుందని జనాన్ని భయపెట్టి, ఆ వ్యాపారాన్నే నిషేధించాలా వద్దా అని రాష్ట్రమంతటా ఓటింగ్ పెట్టించారు. జనం నిషేధానికే ఓటేశారు. 1966లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదని కొట్టేసింది గానీ, అప్పటికే ఆ కంపెనీ దుకాణం సర్దేసింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత చెన్నైలో ఇలాంటి గొడవే జరిగింది, దాని దగ్గరికి వస్తాను.

సినిమాలతో కాని పని బాక్సింగ్‌తో అయింది. 1950ల నుంచే పెద్ద ఫైట్లను క్లోజ్డ్ సర్క్యూట్ అని థియేటర్లకు లైవ్‌లో పంపి, టికెట్లు పెట్టి తెర మీద చూపించేవాళ్లు. 1975లో మనీలాలో జరిగిన అలీ, ఫ్రేజియర్ ఫైట్‌ను హెచ్‌బీఓ ఉపగ్రహం మీదుగా కేబుల్ కంపెనీలకు అందించింది. హెచ్‌బీఓ నెల చందా చానలే అనుకోండి, కానీ ఒక్కచోట జరిగేదాన్ని దూరదూరాల కంట్రోల్ రూములకు ఒకేసారి పంపొచ్చని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. 1977లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో వార్నర్ వాళ్లు క్యూబ్ అనే కేబుల్ పెట్టారు. ఇంట్లో మీట నొక్కితే ఆ సంగతి అదే వైరులో వెనక్కి కంట్రోల్ రూముకు చేరి, ఏ ఇంట్లో ఏ సినిమా చూశారో కంప్యూటర్ లెక్క కట్టేది. 1981లో లెనర్డ్, హర్న్స్ ఫైట్‌ను కొన్ని కేబుల్ కంపెనీలు నేరుగా ఇళ్లకే అమ్మాయి. 1985లో రిక్వెస్ట్ టీవీ, వ్యూయర్స్ చాయిస్ అనే పే పర్ వ్యూ చానళ్లు వచ్చాయి. 1991లో హోలీఫీల్డ్, ఫోర్‌మన్ ఫైట్‌ను 14 లక్షల ఇళ్లు కొన్నాయంటే అప్పటికి బేరం కుదురుకున్నట్టే.

బాక్సింగే ఎందుకు? రేపు చూద్దాంలే అనుకునే సరుకు కాదది. ఫలితం తెలిసిపోయాక దాని విలువ పావలా. ప్రకటనల మీద నడిపిద్దామా అంటే మొదటి రౌండులోనే ఒకడు పడిపోవచ్చు, ప్రకటనలు కొన్నవాడు నెత్తిన చెయ్యి పెట్టుకోవాలి. ఫైట్ హక్కులు దాన్ని ఏర్పాటు చేసే ప్రమోటర్ చేతిలో ఉంటాయి. ఎవరికి ఇవ్వాలో, ఎంతకివ్వాలో ఆయన ఇష్టం. వచ్చిన దాంట్లో సుమారు సగం కేబుల్ కంపెనీలూ పంపిణీదారులూ తీసుకుంటే, మిగతాది ప్రమోటర్, ఫైటర్ల వాటా. ఒక ఇల్లు కొంటే పదిమంది స్నేహితులు తలా కొంత వేసుకుని సోఫాలో కూర్చుంటారు, అందుకే అంత రేటు కూడా చెల్లుతుంది. 2015 మే 2న మేవెదర్, పాకియావో ఫైట్‌కి అమెరికాలో హెచ్‌డీ రేటు 99.95 డాలర్లు. 46 లక్షల ఇళ్లు కొన్నాయి. ఆఖరి నిమిషంలో ఆర్డర్లు మీద పడి కొన్ని కేబుల్ కంపెనీల సిస్టములు తట్టుకోలేక, రింగులో ఫైటే ఆలస్యంగా మొదలుపెట్టారు. టికెట్ కౌంటర్‌లో రద్దీ ఉందని హీరోనే కాసేపు ఆగమన్నట్టు అయింది!

ఇదే అమెరికాలో 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌ను ఎన్‌బీసీ అనే టీవీ చానల్, కేబుల్‌విజన్ అనే కేబుల్ కంపెనీ కలిసి మూడు చానళ్ల మీద పే పర్ వ్యూగా అమ్మాలని చూశాయి. మొత్తం ప్యాకేజీ 170 డాలర్ల దాకా. ఘోరంగా పోయింది, నష్టం సుమారు 10 కోట్ల డాలర్లు. ఎందుకు పోదు, అదే ఎన్‌బీసీ రోజూ సాయంత్రం ఒలింపిక్స్‌లో అసలైన పోటీలన్నీ ఉచితంగా చూపిస్తుంటే? పే పర్ వ్యూ గురించి నన్ను ఒక్క ఉదాహరణ చెప్పమంటే నేను ఇదే చెప్తాను.

దొంగ బాక్సుల బెడద అక్కడా తక్కువేం కాదు. 1992లో హార్ట్‌ఫర్డ్‌లో ఒక కేబుల్ కంపెనీ హోలీఫీల్డ్, బో ఫైట్ రోజున చిన్న వల పన్నింది. దొంగ బాక్సు ఉన్నవాళ్ల టీవీలో మాత్రమే కనబడేలా ఒక ప్రకటన వేసి, ఈ నంబరుకి ఫోన్ చేస్తే టీషర్టు ఉచితం అని చెప్పింది. 140 మంది ఫోన్ చేసి అడ్రసు కూడా చెప్పారు. మా కుర్రాళ్లకి ఈ కథ చెప్తే, మన వీధిలో ఇది పెడితే టీషర్టులు సరిపోవన్నా అన్నారు.

ఇక మన దగ్గరికి వద్దాం. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై వచ్చాకే మనకు ఇంటింటికీ విడి తాళం దొరికింది. కేబుల్లో సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేసినప్పుడు హైదరాబాదు రెండో దశలో ఉంది, గడువు 2013 మార్చి 31. డీటీహెచ్ వాళ్లు వచ్చీ రావడంతోనే సినిమాలను పే పర్ వ్యూలో పెట్టారు. ఎస్సెమ్మెస్ కొడితే అకౌంట్లోంచి డబ్బు కట్, ఆ చానల్ తెరుచుకుంటుంది. ఒకే సినిమాను రోజంతా షోలుగా తిప్పేవాళ్లు, ఒక షో తప్పితే తర్వాతది చూసుకోవచ్చు.

లోపల జరిగేది ఇది. బొమ్మను గజిబిజి చేసే అంకెల తాళం ఒకటుంటుంది, దాన్ని కంట్రోల్ వర్డ్ అంటారు. అది మామూలుగా పది సెకన్లకోసారి మారిపోతుంది. మారిన ప్రతిసారీ దాన్ని ఇంకో తాళంలో పెట్టి, ఈసీఎం అనే సందేశంగా బొమ్మతో పాటే పంపుతారు. దాన్ని విప్పే హక్కు మీ బాక్సులోని కార్డుకి ఇచ్చేది ఈఎంఎం అనే ఇంకో సందేశం. ఇది మీ కార్డు నంబరు మీద, అదే ఉపగ్రహం నుంచి వస్తుంది. దేశంలో ఉన్న ప్రతి డిష్ మీదా పడుతుంది గానీ మీ కార్డే అందుకుంటుంది. డీటీహెచ్‌లో బాక్సు నుంచి పైకి తిరుగుదారి లేదు. మీ బాక్సుకి సందేశం అందిందో లేదో కంపెనీకి తెలియదు. అందుకే అదే సందేశాన్ని కొంతసేపు మళ్లీ మళ్లీ పంపి, తర్వాత ఆపేస్తారు. నా పనిలో సగం తలనొప్పులు ఇక్కడే పుట్టేవి.

ఒక శనివారం రాత్రి నల్లకుంట నుంచి ఫోన్. "అన్నా, పైసలు కట్ అయినయి, బొమ్మ వస్తలేదు. చుట్టాలొచ్చి కూసున్నరు, బిర్యానీ గూడ తెప్పిచ్చినం."

"సినిమా ఎప్పుడు బుక్ చేసిన్రు?"

"పగటీలి చేసిన."

"అటెన్క బాక్సు బంద్ చేసిన్రా?"

"చేసినం. ఊకెనే కరెంటు కాలుతదని గోడకాడనే స్విచ్ బంద్ పెట్టినం."

ఇంకేముంది, హక్కు సందేశం ఉపగ్రహం నుంచి ఎన్నిసార్లు వచ్చినా అందుకోవడానికి బాక్సుకి కరెంటే లేదు. బాక్సు వేసి, సినిమా వచ్చే చానల్ మీదే ఉంచి కదిలించొద్దని చెప్పి, ఇక్కడ రీఫ్రెష్ కొట్టించాను, అంటే ఆ సందేశాన్ని మళ్లీ పంపించాను. కాసేపటికి వెనక నుంచి పిల్లల కేకలు వినబడ్డాయి, ఆయన ఫోన్ పెట్టడం కూడా మర్చిపోయాడు. ఇలాంటివి సర్దడానికి నాకు విడిగా వచ్చేదేమీ లేదు, అది మా డీలర్ గొప్పతనం.

తాళం వచ్చింది కదా, మరి ఎందుకు నడవలేదు? పక్క సందు మూతపడలేదు కాబట్టి. డీటీహెచ్‌లో అమ్మిన సినిమాలు అప్పటికే థియేటర్లో ఆడి, కొన్ని వారాల్లో ఏదో ఒక చానల్లో ప్రకటనలతో ఊరికే వచ్చేవే. క్రికెట్ సంగతి చెప్పనక్కర్లేదు. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్న మ్యాచుల సిగ్నల్‌ను ప్రైవేటు చానళ్లు ప్రసార భారతితో పంచుకోవాల్సిందే. ఇండియా ఫైనల్ ఆడుతుంటే దూరదర్శన్‌లో వస్తుంది, ఎవరు కొంటారు? కుస్తీ తీసుకోండి. అమెరికాలో 50 డాలర్లకు పైన పెట్టి కొనే రెసిల్‌మేనియా మనకు టెన్ స్పోర్ట్స్‌లో, నెల బిల్లులోనే వచ్చేది. ఆ రోజు మా దగ్గర టెన్ స్పోర్ట్స్ ఆగిందంటే అశోక్‌నగర్ పిల్లలందరూ కంట్రోల్ రూము మెట్ల మీదే ఉండేవాళ్లు. అది అమెరికాలో విడిగా డబ్బు పెట్టి కొంటారని చెప్తే ఒక్కడూ నమ్మలేదు.

పక్క సందు మూసేద్దామని గట్టిగా ప్రయత్నించింది కమల్ హాసన్. 'విశ్వరూపం' సినిమాను థియేటర్ల కంటే ముందుగా, 2013 జనవరి 10 రాత్రి డీటీహెచ్‌లో వెయ్యి రూపాయలకు చూపిస్తానని ప్రకటించారు. ఆ రోజుల్లో క్రాస్‌రోడ్స్ సింగిల్ స్క్రీన్లలో బాల్కనీ టికెట్టు వంద లోపే. అయినా నలుగురున్న ఇంట్లో, క్యాంటీన్ ఖర్చూ ఆటో ఖర్చూ కలిపి చూసుకుంటే వెయ్యి మరీ అన్యాయం కాదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. కానీ తమిళనాడు థియేటర్ల వాళ్లు భగ్గుమన్నారు. టీవీలో ముందు వేస్తే మా హాళ్లలో అసలు వెయ్యం అన్నారు. జనవరి 10 షో పడలేదు, సినిమా ముందు థియేటర్లకే వెళ్లింది. కాలిఫోర్నియాలో 1964లో జరిగిన గొడవ తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

థియేటర్లు అన్నీ మూతపడ్డ రోజులు కూడా వచ్చాయి, కరోనా పుణ్యమా అని. 2020 జూన్‌లో రామ్ గోపాల్ వర్మ 'క్లైమాక్స్'ను ఆన్‌లైన్లో వంద రూపాయలకు వదిలారు. అదే ఏడాది అక్టోబరులో సినిమాకి ఇంత అని కట్టి చూసే జీప్లెక్స్ మొదలైంది, 2021 మేలో సల్మాన్ ఖాన్ 'రాధే'ను 249 రూపాయలకు యాప్‌లోనూ డీటీహెచ్‌లోనూ ఇచ్చారు. ఇంత మంచి అదను మళ్లీ రాదు. కానీ అప్పటికి పక్క సందు పేరు టెలిగ్రామ్. మా కాలనీ గ్రూపులో లింకు రావడానికి ఒక్క రాత్రి పట్టేది కాదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కూడా విడుదల రోజే సినిమా 99 రూపాయలకు అని మొదలుపెట్టింది. ఆలోచన నాకు నచ్చింది, థియేటర్ దొరకని చిన్న సినిమాకి అదో దారి. పెద్ద హీరో సినిమా మాత్రం ఆ దారిన రాదు, హాళ్లలో మొదటి మూడు రోజుల వసూళ్లను ఏ నిర్మాతా వదులుకోడు.

విచిత్రమేంటంటే అమెరికాలోనే ఇప్పుడు ఇది తగ్గుతోంది. రెసిల్‌మేనియా నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ 2014లోనే నెలకు 9.99 డాలర్ల సొంత యాప్ పెట్టి, అన్ని పెద్ద షోలూ అందులోనే ఇచ్చేసింది. యూఎఫ్‌సీ 2025 ఆగస్టులో పారామౌంట్ అనే మీడియా కంపెనీతో ఏడేళ్లకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2026 నుంచి అక్కడ దాని ఫైట్లు చందాలోనే, విడిగా కొనే పని లేదు. ఎన్ని ఇళ్లు కొంటాయో అని ప్రతిసారీ టెన్షన్ పడేకంటే, ముందే కుదిరిన సొమ్ము నయమనుకున్నారు. బాక్సింగ్‌లో మాత్రం పెద్ద ఫైట్లకు ఇంకా పాత పద్ధతి ఉంది.

మన దగ్గర మిగిలింది అద్దె సినిమాలు. 2022 నుంచి ప్రైమ్ వీడియోలో, అంతకుముందు నుంచే యూట్యూబులో సినిమాకి ఇంత అని కట్టి చూడొచ్చు. ప్రైమ్‌లో అయితే అద్దెకు తీసుకున్నాక మొదలుపెట్టడానికి 30 రోజులు, ఒకసారి ప్లే నొక్కితే పూర్తి చేయడానికి సాధారణంగా 48 గంటలు టైముంటుంది. చాలామంది కొనగానే బాగా వస్తోందా లేదా అని ఒక్క నిమిషం ప్లే చేసి ఆపేస్తారు, ఆదివారం చూద్దామని. గడియారం అప్పుడే మొదలైపోతుంది, ఆదివారానికి మళ్లీ కట్టమంటుంది. చూసే రోజే కొనండి. డీటీహెచ్‌లో కొంటే బాక్సు మాత్రం గోడ దగ్గర ఆపకండి.